రెండు పేర్ల కుటుంబాలు

చారిత్రక నవల అంటే బడిలో మనకు చెప్పింది రాజుల కథ. క్రైస్తవ చారిత్రక నవల అంటే రోము కథ. సింహాల బోనులు, రథాల పందేలు, చెరసాలలు, శిలువలు. 1880లో అమెరికాలో లూ వాలెస్ రాసిన ‘బెన్‌హర్’, 1896లో పోలండు రచయిత హెన్రిక్ సెంకేవిచ్ పుస్తకంగా తెచ్చిన ‘క్వో వాడిస్’ ఈ రకానికి పేరెన్నికగన్నవి. ఇలాంటి కథల్లో మూడు సంగతులు తప్పకుండా ఉంటాయి. విశ్వాసానికి పరీక్ష వస్తుంది. కుటుంబం చెల్లాచెదురవుతుంది. ఓర్చుకుని నిలబడ్డవాళ్ళకు చివర్లో ఏదో ఒక విడుదల దొరుకుతుంది.

విశ్వాసం, కుటుంబం, తట్టుకుని నిలబడటం. ఈ మూడింటి గురించి మన వాడలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా మన కథ ఆ వరసలోకి రావటానికి చాలా కాలం పట్టింది. ఎందుకు పట్టింది, వచ్చాక ఏం చెప్పింది అన్నదే ఈ వ్యాసం. నేను విమర్శకుణ్ణి కాదు. జిల్లా పరిషత్తు బడిలో పాఠం చెప్పుకునే పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి. ప్రకాశం జిల్లా మాదిగపల్లెలో, నాలుగు తరాలుగా యేసు ప్రభువు పేరు చెప్పుకుంటున్న ఇంట్లో పుట్టినవాణ్ణి. అక్కణ్ణుంచే చదువుతాను. అక్కణ్ణుంచే మాట్లాడతాను.

ముందు ‘బెన్‌హర్’ సంగతి. 1959లో వచ్చిన సినిమా వల్ల మనలో చాలామందికి ఆ కథ తెలుసు. యెరూషలేములో ధనవంతుల బిడ్డ యూదా బెన్‌హర్. రోమన్ స్నేహితుడు మెస్సాలా ద్రోహం చేస్తాడు. ఇతన్ని ఓడల్లో తెడ్లు వేసే బానిసగా పంపిస్తారు. తల్లినీ చెల్లెల్నీ చెరలో పడేస్తారు. అక్కడ వాళ్ళకు కుష్ఠు వస్తుంది. ఊరి బయట కొండ గుహల్లో, మనుషులు దగ్గరికొస్తుంటే ‘మేం అపవిత్రులం’ అని అరిచి చెప్పుకుంటూ బతకాలి. చివరికి క్రీస్తు వాళ్ళను బాగుచేస్తాడు. కుటుంబం కలుస్తుంది.

ఇంటర్ చదివేటప్పుడు ఈ కథ మా జేజికి చెప్పాను. అక్షరం ముక్క రాదు ఆమెకు. బైబిలు సగం నోటికొచ్చు. అంతా విని ఆమె అడిగింది ఒకటే. “ఆళ్ళకు రోగమొచ్చింది, ఊరి బయట పెట్టారు. రోగం పోయింది, ఊళ్ళోకొచ్చారు. మనకేం రోగమొచ్చిందిరా?”

ఆ ప్రశ్నకు ‘బెన్‌హర్’లో జవాబు లేదు. ఆ నవలలో అంటరానితనం పైనుంచి వచ్చి పడ్డ ఆపద. పెద్దింటి ఆడవాళ్ళ మీద పడింది గనక అంత దుఃఖంగా ఉంది. పోతే మళ్ళీ పెద్దింటికే పోతారు. అదే కథలో ఆమ్రా అని ఒక ముసలి దాసి ఉంది. ఇగుప్తు నుంచి వచ్చిన బానిస. యజమానురాళ్ళు గుహల్లో ఉన్నారని తెలిసి తిండీ నీళ్ళూ మోసుకెళ్ళింది ఆమె. కుటుంబం నిలబడిందంటే సగం ఆమె కాళ్ళ మీద. మరి ఆమ్రాకు తల్లి ఎవరు? ఆమె చెల్లెలు ఏ బజారులో అమ్ముడుపోయింది? కథకు ఆ ధ్యాసే లేదు. పోగొట్టుకోవటానికి ఇల్లున్న వాళ్ళ కుటుంబమే కుటుంబం. మిగతావాళ్ళు ఆ ఇంటి పనివాళ్ళు. రోము నవలల్లో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. తొలినాటి సంఘాల్లో బానిసలు, కూలివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నవలల్లో మాత్రం వాళ్ళు ఎక్కువగా గుంపులో కనబడి గుంపులోనే చచ్చిపోతారు.

మన దేశంలో ఈ వరస మార్చే ప్రయత్నం చాలా ముందే జరిగింది. 1892లో మలయాళంలో పోతేరి కుంజాంబు ‘సరస్వతీవిజయం’ రాశాడు. పాట పాడినందుకు నంబూద్రి భూస్వామి మనుషుల చేతిలో దెబ్బలు తిన్న పులయ పిల్లవాడు మరత్తన్ మిషను బడిలో చదువుకుని, యేసుదాసనై, జడ్జీగా తిరిగొస్తాడు. ఇది గొప్ప కల. చదువే సరస్వతి, ఆమె ఎవరి సొత్తూ కాదు అని వందేళ్ళ ముందే చెప్పింది. కానీ ఒక్కడే పైకొచ్చాడు. అతని వాడ ఏమైంది? పేరు మారిన తర్వాత అతని అమ్మ అతన్ని ఏ పేరుతో పిలుచుకోవాలి? ఈ ప్రశ్నలకు ఒక్క జీవితం చాలదు. నాలుగైదు తరాల కథ కావాలి.

ఆ కథ తెలుగులో 2000లో వచ్చింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’. దీన్ని క్రైస్తవ నవల అంటే రాసినవాళ్ళూ ఒప్పుకోరేమో, పాస్టర్లూ ఒప్పుకోరేమో. రచయిత విరసం మనిషి. మతం మీద ఆయన అభిప్రాయాలు దాచుకున్నవి కావు. అయినా ఆంధ్రదేశంలో దళితులు కిరస్తానీలైన చరిత్రను ఒక కుటుంబం లోపలి నుంచి చూపించిన నవలల్లో నన్ను ఇంతగా పట్టుకున్నది వేరొకటి లేదు. అందుకే మా జేజి ప్రశ్నను దీని ముందు పెడుతున్నాను.

కథ చెప్పేది రూతు. ముసలితనంలో ఉన్న రూతు తన భర్త రూబేను చెప్పిన మాటల్ని జ్ఞాపకం చేసుకుంటుంది. రూబేను పూర్వీకుడు ఎల్లన్న. వీధిభాగోతం కట్టి, పాటలు అల్లిన మాల కళాకారుడు. భార్య సుభద్ర, నీళ్ళ కోసం నిలబడ్డ మనిషి. వాళ్ళ కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ. కరువు. ఊరొదిలి వలస. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం దగ్గరికి బతుకుతెరువు కోసం పోతే అక్కడా కులం. అప్పుడు ఆదుకున్నవాడు మార్టిన్, వీళ్ళలాగే అంటరానివాడై పుట్టి క్రీస్తును నమ్మినవాడు. శివయ్య సీమోను అవుతాడు. అతని కొడుకు రూబేను. రూబేను కొడుకు ఇమ్మానుయేలు, మనవడు జెస్సీ విప్లవోద్యమంలోకి పోతారు.

ఇందులో కరువు కల్పన కాదు. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఊడ్చిపెట్టిన కరువు అది. ఒంగోలులో అప్పటికి పదేళ్ళుగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది మాదిగలకూ మాలలకూ అక్కడ పని దొరికింది. “కూటి కోసం మతం మారారు” అని మనల్ని ఇప్పటికీ ఎద్దేవా చేసేవాళ్ళు ఈ కాలవనే చూపిస్తారు.

దానికి చరిత్రే జవాబు చెబుతుంది. కరువు సాయం జరుగుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని అయిపోయి, పంచటానికి డబ్బులు కూడా లేని రోజుల్లో జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు. ఆరుగురు దేశీ బోధకులు, ఒక విడతకు ఇద్దరు చొప్పున. మిషను చరిత్రలు దొర పేరు పెద్దగా రాసుకుంటాయి. నీళ్ళలో పొద్దుగూకేదాకా నిలబడ్డ కాళ్ళు ఎవరివో మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మాట కూడా అనాలి. కూటి కోసమే మారారనుకుందాం. తప్పేంటి? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టని ధర్మాన్ని వదిలిపెట్టటం సిగ్గుపడాల్సిన పనా, పెట్టనివాడు సిగ్గుపడాల్సిన పనా? ఏ రోజు రొట్టె ఆ రోజు అడుక్కోమని ప్రార్థనలో నేర్పింది ప్రభువే. కల్యాణరావు నవల గొప్పతనం ఇక్కడుంది. శివయ్య సీమోను కావటాన్ని ఆయన అద్భుతంగానూ చూపలేదు, అమ్ముడుపోవటంగానూ చూపలేదు. తరిమిన మనుషుల నుంచి చేరదీసిన మనుషుల దగ్గరికి నడిచిపోవటంగా చూపించాడు. ఆకలీ ఆత్మగౌరవమూ విడదీయలేనంతగా కలిసిపోయిన చోట పుట్టిన విశ్వాసం అది. మార్టిన్ దేవదూత కాదు. సాటి మనిషి. విశ్వాసం మనవాడి చేతి మీదుగా మనవాడికి అందింది.

రెండోది కుటుంబం. మా సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒకటుంది. “ఒకప్పుడు చీకట్లో ఉన్నాం, ప్రభువు వెలుగులోకి తెచ్చాడు.” మా జేజి కూడా అట్లాగే మొదలుపెట్టేది. ఆ ఒక్క వాక్యంతో ముందు తరాలన్నీ చీకటైపోతాయి. మా జేజి వాళ్ళ తాత డప్పు కొడితే చుట్టుపక్కల ఊళ్ళు కదిలేవంట. బాప్తిస్మమయ్యాక ఆ డప్పు చూరుకు వేలాడి, ఎలకలు కొరికి, పోయింది. ఆమె ఈ సంగతి సాక్ష్యంలో చెప్పేది కాదు. రాత్రిపూట నాకు చెప్పేది. చెప్పేటప్పుడు వేళ్ళు మంచంకోడు మీద కదిలేవి.

‘అంటరాని వసంతం’ ఆ రాత్రిపూట మాటను పట్టుకుంది. ఎల్లన్న పాటను చీకటి అనలేదు. సీమోను వెనక శివయ్య ఉన్నాడని, శివయ్య వెనక ఎల్లన్న ఉన్నాడని, పేరు మారినంత మాత్రాన వంశం తెగదని చెప్పింది. అది చెప్పించటానికి రూతును ఎంచుకోవటం చాలా తెలివైన పని. బైబిల్లో రూతు ఎవరు? మోయాబు నుంచి వచ్చిన పరాయి పిల్ల. భర్త చచ్చిపోయినా అత్తను వదలకుండా వెంట నడిచిన కోడలు. ఈ నవల్లో కూడా రూతు కోడలే. తన రక్తం కాని వంశపు జ్ఞాపకాన్ని మోస్తున్న మనిషి. మన ఇళ్ళల్లో జరిగేది ఇదే గదా. పుట్టింటి కథ పుట్టింట్లో వదిలేసి వచ్చి, అత్తింటి పూర్వీకుల కథను మనవళ్ళకు అందించేది ఆడవాళ్ళే. ‘బెన్‌హర్’లో ఆమ్రా కుటుంబానికి అన్నం మోసింది. ఇక్కడ రూతు కుటుంబాన్నే మోసింది. కథ ఆమె నోట్లో ఉంది. తేడా అంతా అక్కడే.

మూడోది తట్టుకోవటం. మన గుళ్ళల్లో దీన్ని ఓర్పు అంటారు. యోబు ఓర్పు మీద నేను విన్నన్ని ప్రసంగాలు ఇంక దేనిమీదా వినలేదు. కానీ మన తొలి విశ్వాసుల చరిత్ర చూస్తే అది ఒట్టి ఓర్పు కాదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగలు చేసిన మొదటి పనులేంటి? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. ఊరి జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పని చెయ్యం అన్నారు. ఊరు ఊరుకోలేదు. కొట్టారు, పనుల్లోంచి తీసేశారు, నీళ్ళు బందు చేశారు. మొత్తం ఏడాదిలో ఒక్కరోజు కూడా తనది కాని వెట్టి మనిషికి వారానికొక రోజు తనదయ్యింది. అది దైవాజ్ఞ అని చెప్పి ఆసామి ముందు నిలబడటానికి ఎంత గుండె కావాలి! మన జిల్లాలో కూలివాళ్ళ తొలి సమ్మెల చరిత్ర ఎవరైనా రాస్తే ఈ ఆదివారాల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

డప్పు మానటం వల్ల పోగొట్టుకున్నదీ ఉంది, మానటంలో ధిక్కారమూ ఉంది. రెండూ నిజమే. నవల మొదటి నిజాన్ని బాగా చెప్పింది. రెండోదానికి ఇంకా చోటు ఇవ్వాల్సింది.

నా అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. ఈ నవల్లో తరాలు నిచ్చెన మెట్లలాగా అమరాయి. ఎల్లన్నది కళ. సీమోనుది విశ్వాసం. ఇమ్మానుయేలుది, జెస్సీది విప్లవం. చదువుతుంటే విశ్వాసం అనేది ఒక మెట్టు, ఎక్కి దాటిపోవాల్సింది అన్నట్టుగా ఉంటుంది. దాటిపోయినవాళ్ళ త్యాగాన్ని తక్కువ చెయ్యటానికి నాకు నోరు రాదు. కానీ ఆ మెట్టు మీదే ఉండిపోయినవాళ్ళు లక్షలమంది. వాళ్ళు ఆగిపోయినవాళ్ళా? మా జేజి ఆదివారం గుడికెళ్ళి, సోమవారం కూలిరేటు కోసం ఆసామి గడప ముందు కూర్చునేది. ఆమెకు ఆ రెండూ వేరువేరు పనులు కావు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో చంపబడ్డ మనవాళ్ళలో బైబిలు పేర్లున్నవాళ్ళు ఉన్నారు. ఆ రెండు ఉద్యమాల్లో కదిలిన వాడల్లో చర్చీలున్నాయి. ప్రార్థన చేసుకునే మనిషే పోరాటంలోకి వచ్చాడు. ప్రార్థన వదిలేసి కాదు. ఆ మనిషికి ఇంకా నవల కావాలి.

ఇంకొకటి. రచయిత చిన్నచిన్న వాక్యాలతో, ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ నడిపిస్తాడు. చాలాచోట్ల అది పాటలాగా లాక్కుపోతుంది. కొన్నిచోట్ల మాత్రం పాత్ర మాట్లాడాల్సిన సమయంలో రచయిత మాట్లాడతాడు. రూతు గొంతు కింద ఇంకో గొంతు వినిపిస్తుంది. రూతును ఇంకాస్త నమ్మి ఉండాల్సింది.

మూడోది నా వాడ నుంచి అడుగుతున్నది. నవల్లో కుటుంబం మాలలది. ఒంగోలు చరిత్రలో మొదటి పేరు మాదిగది. ఎర్రగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు, తోళ్ళ వ్యాపారం. యోగం నేర్చిన గురువుల దగ్గర సత్యం వెతుక్కుని, 1866లో భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం తీసుకుని, తర్వాత ఊరూరా నడిచినవాడు. మాదిగ ముసలివాళ్ళు చెప్పిన ఇలాంటి కథల్ని క్లౌ గారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఇంగ్లీషులో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అని 1899లో అచ్చువేసింది. ఆమె చేసిన మేలు పెద్దది. కానీ చెప్పింది మనవాళ్ళు, రాసింది దొరసాని, చదివింది లండనూ అమెరికా. పేరయ్య, నాగమ్మల కథ మాదిగ చేతితో తెలుగులో పెద్ద నవలగా చదవాలని నా ఆశ. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైంది ఇదే ప్రకాశం జిల్లాలో అన్నది మరిచిపోవద్దు. ఒకే ప్రభువు బల్ల దగ్గర మాలలూ మాదిగలూ ఎట్లా కూర్చున్నారు, ఎక్కడ విడిగా కూర్చున్నారు, పిల్లనివ్వటం దగ్గర విశ్వాసం ఎందుకు ఆగిపోయింది? ఇవన్నీ కథలోకి రావాలి. ఊరివాళ్ళ తప్పులు రాసినంత సూటిగా మన గుడి తప్పులూ రాసుకోవాలి.

ఇదంతా పాత చరిత్ర గదా, ఇప్పుడెందుకు అని విద్యార్థులు అడగొచ్చు. బళ్ళో చేర్చుకునే రోజుల్లో నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. అడ్మిషన్ రిజిస్టరులో మతం అని ఒక గడి, కులం అని ఒక గడి. బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చిన తండ్రి గొంతు తగ్గించి, “సారూ, గుడి పేరు చెప్పమంటారా, బడి పేరు చెప్పమంటారా?” అంటాడు. ఆ తండ్రి అబద్ధాలకోరు కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాలు కారంది. 1956లో సిక్కు దళితుల్ని కలిపారు. 1990లో బౌద్ధ దళితుల్ని కలిపారు. క్రైస్తవ దళితుణ్ణి బయటే ఉంచారు. అతనికి మన రాష్ట్రంలో ఇచ్చింది బీసీ-సీ, ఒక్క శాతం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఎస్సీ అని కాయితం ఉన్నవాడికే. కొట్టేవాడు మాత్రం కాయితం చూసి కొట్టడు. మాదిగోడని కొడతాడు.

మా నాయనకు గుడిలో ఏలీయా, బడిలో వెంకటేశ్వర్లు. నాకూ రెండున్నాయి. జేజి ప్రార్థనలో ఒక పేరు, హాజరుపట్టీలో ఇంకో పేరు. ఒక పేరులో నా విశ్వాసం ఉంది, ఇంకో పేరులో నా హక్కుంది. రెండింటినీ ఒక్క మనిషిలో ఉండనివ్వని చట్టాన్ని నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అందుకే శివయ్య సీమోను అయ్యే పేజీల దగ్గర పుస్తకం మూసి లేచి నడవాల్సి వచ్చింది. అక్కడ కథ 1870ల నాటిది. నాకు మాత్రం ఈ జూన్ నెల సంగతి.

రోము నవలల్లో విశ్వాసులు పేర్లు దాచుకుని భూమి కింద సమాధుల్లో ప్రార్థన చేస్తుంటే చదివేవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. మన దగ్గర పేరు దాచుకున్నవాణ్ణి దొంగ అంటారు. ఈ తేడాను బయటపెట్టగలిగే శక్తి కథకు ఉంది. వ్యాసాలతో, పిటిషన్లతో చెయ్యాల్సింది చెయ్యాల్సిందే. కానీ పేరు దాచుకున్న మనిషి లోపల ఏం జరుగుతుందో చెప్పటానికి కథ కావాలి. ‘అంటరాని వసంతం’ ఆ దారి తెరిచింది. దాని లోట్లు చెప్పానంటే ఆ దారిన ఇంకొంతమంది నడవాలనే.

నడవాలంటే సరుకు కావాలి. అది గ్రంథాలయాల్లో కొంతే దొరుకుతుంది. పాత సంఘాల్లో బాప్తిస్మాల రిజిస్టర్లు ఉన్న చోట వాటిని చెదలు తినకముందే చూడాలి. నాగమ్మలాంటి ఆడవాళ్ళు, బైబిలు స్త్రీలుగా ఊళ్ళు తిరిగినవాళ్ళు, ప్రసంగం చెయ్యనివ్వకపోతే పాటతోనే ప్రసంగం చేసినవాళ్ళు, వీళ్ళ గురించి అడిగి రాసుకోవాలి. కార్యకర్తలు మీటింగుకు పోయిన ఊళ్ళో ఒక రాత్రి ఉండండి. విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముసలామె పక్కన కూర్చోండి. సాక్ష్యంలో చెప్పిందీ రాసుకోండి, సాక్ష్యంలో చెప్పనిదీ రాసుకోండి. ఆమెకు రెండు పేర్లుంటే రెండూ రాసుకోండి.